చక్రవేగ సెన్సరు: దోషం ఎక్కడున్నది?

కారు స్టార్టు చేయగానే డ్రైవరు ఎదుట ఏబీఎస్ అనే పసుపుపచ్చని దీపం వెలిగి, కొద్ది సెకండ్లలో ఆరిపోవాలి. ఆరకుండా నిలిచిందంటే షెడ్డులో వినిపించే మాట ఒక్కటే: "సెన్సరు పోయిందండీ, మార్చాలి." మార్చిన తరువాత కూడ దీపం వెలుగుతూనే ఉండవచ్చు. ఎందుకంటే, ఆ దీపం దోషమున్నదని చెప్పునే గాని ఎక్కడున్నదో చెప్పదు. సెన్సరు, దాని తీగ, దాని ఎదుట తిరిగే వలయం, వీటిలో దేనిదైనా తప్పు కావచ్చు.

బ్రేకు గట్టిగా తొక్కినపుడు చక్రం బిగిసిపోయి రోడ్డుమీద జారుతుంది. ముందు చక్రాలు అట్లా జారేటపుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. చక్రం బిగిసే క్షణాన్ని పసిగట్టి, బ్రేకు ఒత్తిడిని సడలించి మరల పెంచడమే ఏబీఎస్ పని. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయినది. దీనికి ప్రతి చక్రం వేగమూ తెలియాలి గదా! అందుకే చక్రాల వద్ద సెన్సర్లు.

పాత రకపు సెన్సరులో ఉన్నది ఒక శాశ్వతాయస్కాంతం, సన్నని రాగితీగ చుట్ట; అంతే. దాని ఎదుట సుమారు ఒక మిల్లీమీటరు ఎడంలో ఇనుప పళ్ళ వలయం చక్రంతోపాటు తిరుగుతుంది. పన్ను ఎదురైనపుడు చుట్టగుండా పోయే అయస్కాంత బలరేఖలు హెచ్చుతాయి, సందు ఎదురైనపుడు తగ్గుతాయి. ఇట్టి మార్పువలన తీగలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనుగొన్నాడు. వలయానికి 48 పళ్ళు, టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు అనుకొందాం. గంటకు 36 కి.మీ. వేగమంటే సెకండుకు 10 మీటర్లు. చక్రం సుమారు 5.6 చుట్లు తిరుగుతుంది, సెన్సరునుంచి 267 స్పందనలు వస్తాయి. కంప్యూటరు వీటినే లెక్కపెడుతుంది.

అయితే వేగం తగ్గినకొద్దీ ఈ వోల్టేజి కూడ తగ్గుతుంది. తుప్పువలన సెన్సరు పైకి లేచి ఎడం పెరిగితే మరీ క్షీణిస్తుంది. అపుడు బండి ఆగబోయే ముందు, చక్రం తిరుగుతూ ఉండగానే స్పందనలు మాయమవుతాయి. చక్రం బిగిసిందని భ్రమపడి కంప్యూటరు బ్రేకును సడలిస్తుంది! పెడలు కాలికింద టకటక అదురుతుంది, బండి ఆగవలసిన చోట ఆగదు. వలయం పగిలినా ఇదే తంతు. దీపం వెలగకపోవచ్చు కూడ. దీపం వెలిగిన బండికంటె ఇదే ప్రమాదమని నా అభిప్రాయం. ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగినపుడు ఏబీఎస్ మానుకొంటుంది గాని మామూలు బ్రేకులు పనిచేస్తాయి.

ఏ చక్రమో తెలియాలంటే స్కానరు తగిలించి, తిన్నని ఖాళీ రోడ్డుమీద నెమ్మదిగా నడుపుతూ, పక్కనున్నవారిచేత నాలుగు చక్రాల వేగాలు చదివించాలి. మిగిలినవాటికంటె ముందుగా సున్నాకు పడిపోయేదే మన అనుమానితుడు.

బండిని జాకీతో లేపి, స్టాండుమీద నిలిపి, తక్కిన చక్రాలకు అడ్డు పెట్టండి. మీటరుకంటె ముందు కన్ను పనిచేయాలి. కనెక్టరులో పచ్చని చిలుము, సెన్సరు కొనకు అంటిన ఇనుప రజను, వలయంలో పగులు కనిపిస్తాయేమో చూడాలి. తరువాత తాళంచెవి ఆపి, కనెక్టరు ఊడదీసి నిరోధం కొలవాలి. చాల సెన్సర్లలో అది వెయ్యి ఓములకు అటూ ఇటూ ఉంటుంది. అదే ఇరుసుపై రెండవ సెన్సరుతో పోల్చి చూడడం మేలు. అనంతం చూపితే తీగ తెగినది, సున్నా చూపితే లోపల కలిసిపోయినది. కొలిచేటపుడే తీగను అటూ ఇటూ వంచాలి. స్టీరింగుతోపాటు వంగేచోట పైతొడుగు చెక్కుచెదరకుండానే లోపలి తీగ విరుగుతుంది. పిమ్మట మీటరును ఏసీ వోల్టులకు మార్చి చక్రాన్ని చేతితో తిప్పితే స్వల్పమైన వోల్టేజి కనిపించి, వడి హెచ్చితే హెచ్చాలి. ఇవన్నీ సరిగా ఉంటే సెన్సరును వదలి, కనెక్టరునుంచి కంప్యూటరువరకు పోయే తీగను, వలయాన్ని వెదకాలి.

కొత్త కార్లలోని సెన్సర్లు బయటి విద్యుత్తుతో పనిచేసేవి. వీటికి ఓముల పరీక్ష పనికిరాదు, పైగా చెడిపోవచ్చు. వీటిలో ప్రవాహం సాధారణంగా 7, 14 మిల్లీఆంపియర్ల మధ్య మారుతూ ఉంటుంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఆ మార్పును చూడాలి. అనేక కార్లలో పళ్ళ వలయమే ఉండదు. బేరింగు అంచులోనే ఉత్తర దక్షిణ ధ్రువాలు వరుసగా అమర్చి ఉంటాయి. బేరింగు మార్చినపుడు ఆ అంచును అవతలి వైపుకు బిగిస్తే, సెన్సరు ఎంత మంచిదైనా దానికి ఏమీ కనిపించదు.