వేడెక్కని ఇంజను డీజిలు తాగేస్తుంది
బోరు పోయిందని అప్పు చేసే ముందు థర్మోస్టాటు చూడాలి

చింతపల్లి: నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వచ్చే పాత డీజిలు వ్యాన్లలో కొన్నింటి వెనుక శీతాకాలం తెల్లవారుజామున తెల్లటి పొగ ఎంతకీ వదలదు. స్టార్టు చేసిన కొద్ది నిమిషాలు ఆ పొగ రావడం సహజమే. పది కిలోమీటర్లు నడిచినా పొగ తగ్గకపోయినా, టెంపరేచర్ మీటరు ముల్లు అడుగు నుంచి లేవకపోయినా ఇంజనుకు చలి పట్టిందన్నమాటే.

సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అయితే తప్పంతా ఈ చలిదే కాదు. సవ్యంగా ఉన్న ఇంజను ఈ చలిలో కూడా కొద్ది దూరం నడిచేసరికి తన వేడికి తాను వస్తుంది. కాఫీ, మిరియాలు, రాజ్మా బస్తాలు మోసి పొట్టపోసుకునే వ్యాను యజమాని మాత్రం పొగ చూసి, పికప్ తగ్గిందని, డీజిలు ఎక్కువ తాగుతోందని బోరు పోయిందనుకుంటాడు. అప్పు తెచ్చి ఇంజను విప్పించడానికి సిద్ధపడతాడు. చాలాసార్లు జబ్బు అక్కడ ఉండదు.

తూము తలుపు లాంటిది

చెరువు తూముకు తలుపు ఎలాంటిదో ఇంజను నీటికి థర్మోస్టాటు అలాంటిది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని నీటిని రేడియేటరులోకి పోనివ్వదు. నీరు సుమారు 80 డిగ్రీలు దాటేసరికి దానిలోని మైనం కరిగి ఉబ్బి తలుపును తెరుస్తుంది. ఈ తలుపు తెరిచే ఉండిపోతే, లేక అసలు లేకపోతే, నీరు మొదటి నుంచీ రేడియేటరు చుట్టూ తిరిగి చల్లబడుతూనే ఉంటుంది. ఘాటీ దిగేటప్పుడు ఇంజనుకు బరువు ఉండదు కనుక ముల్లు ఇంకా కిందికి పడిపోతుంది.

వేసవిలో ఇంజను మరిగినప్పుడు థర్మోస్టాటును పీకి పారేయడం రోడ్డు పక్క షెడ్లలో పాత అలవాటు. చలికాలం వచ్చేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా కొన్ని ఇంజన్లలో దాన్ని తీసేస్తే వేడినీరు కొంత రేడియేటరుకు పోకుండా పక్కదారిన తిరిగి వచ్చి, వేసవిలో మరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. ఉప్పునీరు పోసే బండ్లలో పాచి పేరుకుని తలుపు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోవడం కూడా ఉంది.

చల్లని ఇంజనులో డీజిలు పూర్తిగా మండదు. మిగిలినది సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తూ కిందికి జారి ఇంజనాయిలులో కలుస్తుంది. లోపల పట్టిన చెమ్మ ఆరదు. ఆయిలు పలచబడి, రింగులు అరిగి, చివరికి నిజంగానే బోరు పోతుంది.

రబ్బరు గొట్టమే చెబుతుంది

పరీక్షకు పెద్ద సామాను అక్కరలేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్టు చేసి, ఫ్యానుకు చెయ్యి తగలకుండా, రేడియేటరు పై రబ్బరు గొట్టాన్ని పట్టి చూడాలి. చాలాసేపు చల్లగా ఉండి, ఇంజను వేడెక్కాక ఒక్కసారిగా కాలితే థర్మోస్టాటు మంచిదే. మొదటి నుంచీ కొంచెం కొంచెంగా గోరువెచ్చబడితే అది తెరిచే ఉందని గాని, లేదని గాని అర్థం. పది కిలోమీటర్లు నడిపాక గొట్టం చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నా ముల్లు లేవకపోతే తప్పు మీటరుది, లేదా దాని వైరుది. నీరు తగ్గినా మీటరు తప్పు చూపవచ్చు. కనుక ముందు నీటి మట్టం చూసుకోవాలి. అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడే. వేడి మీద రేడియేటరు మూత తీస్తే ముఖం కాలుతుంది.

అనుమానం ఉంటే ఇంజను చల్లారాక కొంత నీరు వదిలి, పై గొట్టం ఇంజనును కలిసే చోట బోల్టులు విప్పి చూడాలి. థర్మోస్టాటు ఉంటే వెలుతురుకు పట్టి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు తలుపు పూర్తిగా మూసుకుని ఉండాలి. తరువాత దాన్ని దారానికి కట్టి, అడుగు తగలకుండా గిన్నెలోని నీటిలో వేలాడదీసి పొయ్యి మీద కాచాలి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకుని, చల్లారాక మూసుకుంటే పనికి వస్తుంది. లేకపోతే ఆ ఇంజనుకు సరిపడే కొత్తది వేయాలి. బిగించేటప్పుడు మైనం బుడ్డి ఇంజను వైపు, గాలి పోయే చిన్న రంధ్రం పై వైపు ఉండాలి. గాస్కెట్ కొత్తది వేసి, నీరు నెమ్మదిగా పోసి, లోపలి గాలి పోయేవరకు ఆగాలి. ఇంజనాయిలు డీజిలు వాసన వేస్తుంటే దాన్నీ మార్చాలి.

రేడియేటరు ముందు అట్టముక్క గాని గోనెసంచి గాని కట్టడం డ్రైవర్లకు తెలిసిన చిట్కాయే. పొద్దుటి చలికి కట్టినది మధ్యాహ్నం లోడుతో ఘాటీ ఎక్కేటప్పుడు మరిచిపోతే ఇంజను మరిగి హెడ్డు గాస్కెట్ పోతుంది. అది ఒక పూటకు పనికి వచ్చే ఉపాయమే తప్ప మరమ్మతు కాదు.

థర్మోస్టాటుకయ్యే డబ్బు బోరు పని ఖర్చులో ఏ మూలకూ రాదు. మళ్లీ ఎండలు ముదిరి ఇంజను మరిగితే రేడియేటరు పూడిందేమో, ఫ్యాను బెల్టు వదులైందేమో, నీటి పంపు అరిగిందేమో చూడాలి. తూములో నీరు ఆగడం లేదని చెరువు తలుపు పీకేసే రైతు ఉండడు. బండికి కూడా అంతే.