పిల్లి బాధ పైకి కనబడదు

పిల్లి తన నొప్పిని దాచుకుంటుంది. అందుకే చిన్న మార్పునైనా గమనించాలి. ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, మూల నక్కినా, ఒళ్ళు నాక్కోవడం మానినా జబ్బు చేసిందేమోనని అనుమానించాలి.

టీకాలు: పిల్లికూనకు జ్వరం, వాంతులు, విరేచనాలు కలిసి వస్తే అది పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. ఈ వ్యాధి త్వరగా ప్రాణం తీస్తుంది. 8 వారాల వయసులో మొదటి టీకా, తర్వాత 16 వారాలు నిండేవరకు 3–4 వారాలకొకటి వేయించాలి. 3 నెలలు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి.

మూత్రం ఆగితే: మగపిల్లి పదేపదే ముక్కుతుంటే మలబద్ధకమని ఊరుకోకండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సొంత వైద్యం వద్దు: పారాసిటమాల్ అసలు వేయకండి. పిల్లి కాలేయం దాన్ని అరిగించలేదు. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

ఇంట్లోవారికి: పిల్లి తామర పిల్లలకూ అంటుతుంది. దాని మలాన్ని రోజూ ఎత్తివేయాలి. అందులో టాక్సోప్లాస్మా ఉంటే, అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. గర్భిణులు ఈ పని చేయకూడదు. పిల్లి కరిచినా, రక్కినా పసుపు, కారం పెట్టకుండా సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుగారికి చూపించండి.