విజయాశబ్ద విచారము: పత్రము, పుష్పము, నిర్యాసము

భంగా, గంజా, విజయా అను శబ్దములు ఒకే మొక్కకు పర్యాయములుగ అర్వాచీన నిఘంటువులలో కనిపించును. లోకవ్యవహారమున భంగు, గంజాయి, చరస్సు అనునవి మూడు వేర్వేరు పదార్థములు. ఈ రెండు త్రికములను ఒకటిగ కలిపి, వేదమున భంగ యున్నది గనుక చరస్సు కూడ శాస్త్రసమ్మతమే యని వాదించువారు కలరు. శబ్దసామ్యము అర్థైక్యమునకు హేతువు కాదని ఎరిగిన మనము ఈ తొందరపాటును అంగీకరింపరాదు. కావున ముందు పదార్థస్వరూపమును నిరూపించి, పిమ్మట శబ్దమును విచారింతము.

ఈ మొక్కలో ఆడ, మగ భేదము కలదు. మదము కలిగించు జిగురు ప్రధానముగ ఆడమొక్క పూగుత్తులపైని సూక్ష్మగ్రంథులలో పుట్టును. ఎండిన ఆకు భంగు, పూగుత్తి గంజాయి, మొక్కనుండి వేరుచేయబడిన జిగురు, అనగా నిర్యాసము, చరస్సు. 1893-94 సంవత్సరములలో ఆంగ్లప్రభుత్వము నియమించిన భారత గంజాయి విచారణ సంఘము ఈ మూడింటి తయారీని వివరముగ నమోదు చేసినది. వంగదేశమున రాజషాహీ ప్రాంతపు గంజాయిలో కాళ్లతో త్రొక్కి అణచినది చప్పటి రకము, చుట్టి గుండ్రముగ చేసినది మరొకటి, రాలిన ముక్కలు చూరు. హిమాలయ ప్రాంతమున పచ్చి గుత్తులను అరచేతుల నడుమ రుద్ది, చేతికంటిన జిగురును ప్రోగుచేయుట వాడుక. యార్కండు చరస్సు ఎండిన మొక్కనుండి రాలిన పొడి. అది లేహ్ మార్గమున మన దేశమునకు వచ్చుచుండి 1930వ దశకమున నిలిచిపోయినది.

ఎండుట, నిలువయుండుట, వేడి తగులుట అనునవి ఇక్కడ కేవలము భద్రపరచు పనులు కావు. పచ్చిమొక్కలో ఆమ్లరూపమున నున్న ద్రవ్యము వీటివలననే మదకారకముగ మారును. ఆ మదకారక ద్రవ్యమును గావొని, మెషూలం అను శాస్త్రజ్ఞులు 1964లో చరస్సునుండియే వేరుచేసిరి. మిక్కిలికాలము నిలువయున్నచో అది క్రమముగ క్షీణించును. సంస్కారము ద్రవ్యమునకు గుణాంతరము కలిగించునని ఆయుర్వేదము చెప్పుటకు ఇది చక్కని ఉదాహరణము. అందుచే ఆకును గూర్చి చెప్పిన గుణమును, మాత్రను జిగురునకు అన్వయించుట శాస్త్రవిరుద్ధము.

ఇక ప్రాచీనప్రయోగములను చూతము. అథర్వవేద శౌనకశాఖలో పదునొకండవ కాండము, ఆరవ సూక్తమున సోముడు అధిపతిగాగల ఓషధులలో దర్భ, యవలతోపాటు భంగ చెప్పబడినది. ఆపదనుండి విడిపింపుమని ప్రార్థనయే కాని, పానముగాని ధూమముగాని అచట లేదు. పాణిని పంచమాధ్యాయ ద్వితీయపాదమున పంటచేల పేర్లు సాధించుచు నువ్వులు, మినుములు, అవిసె, అణుధాన్యములతో భంగను చేర్చెను. భంగ పండు చేను భంగ్యము లేక భాంగీనము. అమరసింహుడును ద్వితీయకాండము వైశ్యవర్గమున, అవిసెకు వెంటనే, మాతులానీ యను పర్యాయముతో భంగను పఠించెను. ఇట్లు ఇరువురును దీనిని నూనెగింజల, నారమొక్కల సరసనే నిలిపిరి. గంజాశబ్దమునకు అమరమున అర్థము మద్యశాల; మొక్క కాదు.

ఇచ్చట ఒక పూర్వపక్షము. అదే పాదమున వార్తికమునుబట్టి సిద్ధించు భంగాకటము అను శబ్దమునకు భంగయొక్క రజస్సు, అనగా పొడి, అని అర్థము. చరస్సు కూడ పొడియే గనుక పూర్వులు దానిని ఎరుగుదురు గదా యని శంక. సమాధానము: ఆ వార్తికము సొరను, నువ్వును, అవిసెను కూడ భంగతోపాటు చెప్పినది. సొరపొడికి, నువ్వుపొడికి మాదకత్వము లేదు. నాలుగింటికిని సాధారణమైన అర్థమునే గ్రహింపవలెను గాని ఒక్కదానికి విశేషార్థము కల్పింపరాదు.

మదగుణమును లక్షణపూర్వకముగ చెప్పిన గ్రంథములలో శార్ఙ్గధరసంహిత ముఖ్యము. పూర్వఖండము నాలుగవ అధ్యాయమున, జీర్ణము కాకముందే శరీరమంతట వ్యాపించి పిమ్మట పాకము చెందు ద్రవ్యము వ్యవాయి యని నిర్వచించి, భంగను, నల్లమందును ఉదాహరించెను. పదునారవ శతాబ్దినాటి భావప్రకాశమున భంగా, గంజా, మాతులానీ, మాదినీ, విజయా, జయా అను పేర్లు ఒక్కచోట చేరినవి. అనగా గంజాశబ్దము మద్యశాలను విడిచి మొక్కకు చేరినది. చరస్సునకు ఆ పట్టికలో ప్రత్యేకనామము లేదు.

అన్నింటికన్న ప్రమాదకరమైనది విజయాశబ్దము. భావప్రకాశమున ఒకే హరీతక్యాదివర్గమున విజయ రెండుమారులు వచ్చును: భంగకు పర్యాయముగ ఒకసారి, ఏడువిధముల కరక్కాయలలో సొరకాయవలె గుండ్రనిదానికి పేరుగ మరొకసారి. ఈ విషయమున నేనును పొరబడితిని. యౌవనమున ఒక తాటాకు వైద్యగ్రంథమునకు ప్రతి వ్రాయుచు, పిల్లల మలబద్ధమునకు చెప్పిన యోగమున విజయ యనగా గంజాయి యని అంచున టీక వ్రాసితిని. ప్రతిని చూచిన వృద్ధవైద్యులొకరు, “శాస్త్రిగారూ, ఉసిరిక, తానికాయ ప్రక్కన మూడవది కరక్కాయ గాక గంజాయి యెట్లగును? మీ టీకను నమ్మి బిడ్డకు పట్టించినచో ఆ పాపమెవరిది?” అని అడిగిరి. బదులు చెప్పలేకపోతిని. త్రిఫల నోటికి వచ్చియు పాఠమున గుర్తింపలేకపోయిన సిగ్గు నేటికిని పోలేదు. దీనికి విపర్యయముగ, జాజికాయ మొదలగు సుగంధద్రవ్యములతో కూడిన జాతీఫలాదిచూర్ణమున ఉన్నది భంగయే. అచట కరక్కాయ యనుట దోషము. సాహచర్యమే నిర్ణాయకము.

వైద్యులు భంగను శోధింపక వాడరు. ఆకును కడిగి, తుమ్మపట్ట కషాయమున స్వేదనము చేసి, ఎండబెట్టి, ఆవుపాలతో భావనచేయుట ఒక విధానము. అయినను శోధనమాత్రమున మదము పోవునని భ్రమింపరాదు. ఆ జిగురు నీటిలో కరగునది కాదు. 1945నాటి ఔషధనియమావళి ఈ-ఒకటి అనుసూచిలో భంగ విషద్రవ్యములలో చేరియుండి, వైద్యపర్యవేక్షణ లేనిదే వాడరాదనుటకు కారణమిదియే.

1985నాటి మాదకద్రవ్యముల చట్టము ఈ భేదమును మరింత స్పష్టము చేసినది. వేరుచేసిన జిగురు చరస్సు, పూగుత్తి గంజాయి, గుత్తితో కూడని గింజ, ఆకు గంజాయి నిర్వచనమున చేరవు. 2001నాటి ప్రకటనము ప్రకారము వాణిజ్యపరిమాణము గంజాయికి ఇరువది కిలోలు, చరస్సునకు ఒక్క కిలో. నిర్యాసము బలవత్తరమను ఎరుక ఈ తారతమ్యమున కనిపించును.

కావున తాళపత్రములను పరిష్కరించువారు విజయాశబ్దము వచ్చినచోట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. గ్రంథకాల మేది? యోగమున ప్రక్కనున్న ద్రవ్యము లేవి? చెప్పబడిన అంగము పత్రమా, పుష్పమా, నిర్యాసమా? సమాధానము దొరకనిచో మూలపదమునే నిలిపి, సందిగ్ధమని సూచించుట మేలు. గంజాయివనమున తులసిమొక్క యని లోకోక్తి. తులసిని గంజాయిగ, గంజాయిని తులసిగ చూపు టీక వ్రాయుటకన్న టీక లేకుండుటయే శ్రేయము.