మొక్కల అక్వేరియంలో మట్టి పొరలు

మంచినీటి గాజుతొట్టెలో నీటిమొక్కలు వేళ్ళూని పెరగడానికి అడుగున పరచే మట్టి, ఇసుక, గులకల అమరికను మొక్కల అక్వేరియంలోని మట్టి పొరలు అంటారు. చేపలను మాత్రమే పెంచే తొట్టెలో గులకలు అలంకారానికి సరిపోతాయి. మొక్కలను కూడా పెంచే తొట్టెలో ఈ పొరలు వేళ్ళకు ఆధారంగానూ, పోషకాలకు నిల్వగానూ, మేలు చేసే బాక్టీరియాకు నివాసంగానూ పనిచేస్తాయి. తెలంగాణలోని వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో ఎర్రమట్టి, నల్లరేగడి, సున్నపురాయి మూడూ దగ్గరదగ్గరగా లభిస్తాయి. ఇవి నీటి గుణాన్ని వేరువేరు విధాలుగా మారుస్తాయి కనుక వీటి స్వభావం తెలిసి ఎన్నుకోవడం అవసరం.

చరిత్ర

మొక్కలు, జలచరాలు పరస్పరం ఆధారపడి ఒకే తొట్టెలో జీవించగలవని ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించాడు. ఆయన తన ప్రయోగంలో వాలిస్నేరియా మొక్కను, బంగారు చేపలను, నత్తలను ఉపయోగించాడు. జపానుకు చెందిన తకాషి అమానో (1954-2015) ప్రకృతి దృశ్యాలను తలపించే మొక్కల తొట్టెలకు ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించాడు. సాధారణ తోటమట్టితో, తక్కువ పరికరాలతో తొట్టెను నిర్వహించే పద్ధతిని అమెరికా రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువడిన తన గ్రంథంలో వివరించింది. ఖరీదైన దిగుమతి మట్టి లేకుండానే తొట్టెను నెలకొల్పవచ్చు కనుక ఈ పద్ధతి మన పాఠశాలలకు, గృహాలకు అనువైనది.

ప్రాంతపు నేలలు

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది. వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలు మూసీనది జన్మస్థానం. తాండూరు మీదుగా ప్రవహించే కాగ్నా నది భీమానదిలో కలుస్తుంది.

* ఎర్రమట్టి: అనంతగిరి కొండల పైభాగాలలో లాటరైట్ నేలలు ఉన్నాయి. వీటిలో ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు అధికం. ఎరుపు రంగుకు ఇనుమే కారణం. మొక్కల ఆకులు పచ్చగా ఉండడానికి ఇనుము అవసరం కాబట్టి ఈ మట్టిని కొద్ది పరిమాణంలో కలపడం ప్రయోజనకరం. అయితే పోషకాలను పట్టి ఉంచే శక్తి దీనికి తక్కువ.
* నల్లరేగడి: తాండూరు కందికి పేరు తెచ్చిన నేల ఇదే. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకపదార్థం అమ్మోనియం, పొటాషియం, కాల్షియం వంటి ధనాయాన్లను పట్టి ఉంచి, వేళ్ళకు క్రమంగా అందిస్తుంది. కాని ఇది తడిస్తే ఉబ్బుతుంది, కదిలిస్తే నీటిని బురదగా మారుస్తుంది. దీనిలో తరచుగా సున్నపు గుళికలు కూడా ఉంటాయి.
* నాపరాయి: తాండూరు నాపరాయి పలకలుగా చీలే సున్నపురాయి. ఇళ్ళలో గచ్చుకు విరివిగా వాడతారు. దీని ముక్కలు, పొడి తొట్టె అడుగున వేయడానికి సాధారణంగా తగవు.

సున్నపురాయి వల్ల కలిగే నష్టం

సున్నపురాయి నెమ్మదిగా కరిగి నీటి కాఠిన్యాన్ని, పీహెచ్ విలువను పెంచుతుంది. కొత్త మట్టి నుండి వెలువడే అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. అమ్మోనియం అయాను చేపలకు అంతగా హాని చేయదు. అమ్మోనియా వాయువు మాత్రం చాలా విషపూరితం. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో విషరూపం సుమారు 0.6 శాతం కాగా, పీహెచ్ 8 వద్ద అది 5 శాతం దాటుతుంది. అంటే మట్టి అదే అయినా, సున్నపు గులకలున్న తొట్టెలో విషరూపం ఇంచుమించు తొమ్మిది రెట్లు అవుతుంది. అందంగా ఉన్నాయని ఏరి తెచ్చిన రాళ్ళు చేపల మరణానికి దారితీయడం ఈ విధంగానే జరుగుతుంది.

ఇసుక, గులకలు, మట్టిని వాడేముందు కొద్దిగా పొడిచేసి, దానిపై వెనిగర్ లేదా నిమ్మరసం వేసి పరీక్షించాలి. బుడగలు వస్తే సున్నం ఉన్నట్లు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కనుక బుడగలు స్వల్పంగానే కనిపించవచ్చు. అనుమానమున్నచో గులకలను ఒక గాజుసీసాలో వారం రోజులు నీటిలో నానబెట్టి, ముందూ తరువాతా పీహెచ్ కొలవడం మంచిది.

మట్టిని సిద్ధం చేయుట

ఎరువులు, పురుగుమందులు వాడిన కంది, పత్తి చేలలోని మట్టిని తీసుకోరాదు. యూరియా అవశేషాలు అమ్మోనియాను పెంచుతాయి. పురుగుమందులు చేపలకు, నత్తలకు ప్రాణాంతకం. అడవి నేల నుండి అనుమతి లేకుండా మట్టి తవ్వరాదు. రసాయనాలు వాడని పెరటిమట్టి శ్రేష్ఠం.

1. మట్టిని ఎండబెట్టి, జల్లించి, రాళ్ళు, వేళ్ళు, ఆకులు తొలగించాలి.
2. బకెట్టులో నీళ్ళు పోసి కలిపి, పైకి తేలిన చెత్తను పారబోయాలి.
3. పలుచగా పరచి ఎండబెట్టి, మళ్ళీ తడపాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే సేంద్రియ పదార్థం కొంతవరకు కుళ్ళిపోయి, తొట్టెలో అమ్మోనియా తగ్గుతుంది.
4. తొమ్మిది పాళ్ళ పెరటిమట్టికి ఒక పాలు లాటరైట్ మట్టి కలపవచ్చు. పచ్చి పేడ, పూర్తిగా మాగని ఎరువు కలపరాదు.

పొరల అమరిక

కింది పొరగా మట్టిని సుమారు 3 సెంటీమీటర్ల మందంలో పరచాలి. దానిపై 1 నుండి 2 మిల్లీమీటర్ల రేణువులున్న, బాగా కడిగిన ముతక ఇసుకను మరో 3 సెంటీమీటర్లు వేయాలి. పై పొర మట్టిని నీటిలోకి లేవకుండా అణచి ఉంచుతుంది. మరీ సన్నని ఇసుక గట్టిపడి ఆమ్లజనిని అడ్డుకుంటుంది. పెద్ద గులకల సందులలో మేత, మలినాలు చేరి కుళ్ళుతాయి.

ఉదాహరణకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టెకు 60 × 30 × 3 = 5,400 ఘన సెంటీమీటర్లు, అనగా 5.4 లీటర్ల మట్టి, అంతే పరిమాణంలో ఇసుక కావాలి. మట్టిని ముందువైపు పలుచగా, వెనుకవైపు మందంగా పరచితే తొట్టె లోతుగా కనిపిస్తుంది.

మొదట మట్టిని తడిపి, ఇసుక పరచి, కొద్దిగా నీరు పోసి మొక్కలు నాటాలి. తరువాత ఒక పళ్ళెం ఉంచి దానిపై నెమ్మదిగా నీరు నింపాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ తొలగడానికి నీటిని 24 గంటలు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచడం పరిపాటి.

పొరలలో జరిగే మార్పులు

మట్టిలోని సేంద్రియ పదార్థం విచ్ఛిన్నమై అమ్మోనియా వెలువడుతుంది. ఒక తెగ బాక్టీరియా దీనిని నైట్రైటుగాను, మరొక తెగ నైట్రేటుగాను మారుస్తాయి. నైట్రేటును మొక్కలు ఆహారంగా వాడుకుంటాయి. ఈ చక్రం స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలను వేయకుండా, వారానికి ఒకటి రెండు సార్లు నీటిలో నాలుగోవంతు మార్చాలి.

అడుగున ఆమ్లజని తగ్గినపుడు కరగని ఇనుము కరిగే రూపంలోకి మారి వేళ్ళకు అందుతుంది. ఆమ్లజని పూర్తిగా లోపిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొక్కల వేళ్ళు ఆమ్లజనిని విడుదల చేసి దీనిని నివారిస్తాయి. కనుక ఆరంభం నుండే మొక్కలను దట్టంగా నాటడం మంచిది.

అనువైన మొక్కలు

గట్టి నీటికి వాలిస్నేరియా, హైడ్రిల్లా అనుకూలం. ఇవి నీటిలోని బైకార్బొనేటు నుండి కూడా కర్బనాన్ని గ్రహించగలవు. క్రిప్టోకొరైన్ వేళ్ళ ద్వారా ఎక్కువగా పోషకాలు తీసుకుంటుంది కనుక మట్టి పొర దానికి మేలు చేస్తుంది. జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కల కాండాన్ని మట్టిలో పాతరాదు, కర్రకు గాని రాయికి గాని కట్టాలి.

జాగ్రత్తలు

వేళ్ళూనిన పెద్ద మొక్కలను ఒక్కసారిగా పెరికితే మట్టి పైకి లేస్తుంది. అవసరమైతే కాండాన్ని మొదట్లో కత్తిరించాలి. తొట్టెను తీసివేసినపుడు చేపలను, మొక్కలను చెరువులలో, నదులలో వదలరాదు. అక్వేరియంల ద్వారా మనదేశానికి వచ్చి, దెయ్యపు చేపగా పేరుపడిన సక్కర్ క్యాట్‌ఫిష్ తెలుగు రాష్ట్రాల జలాశయాలలో వ్యాపించి మత్స్యకారుల వలలను పాడుచేస్తున్నది. అలంకారం కోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను కప్పివేయడం కూడా ఇటువంటిదే. వాడి తీసిన మట్టిని ఎండబెట్టి పూలకుండీలలో ఉపయోగించుకోవచ్చు.