పంపు ఆగితే చేపకు ఊపిరాడదు



ముందుగదిలో సముద్రపు చేపల తొట్టి ఉంటే ఇంటికి ఎంత అందం! నారింజరంగు ఒంటిమీద తెల్లచారలతో క్లౌన్ చేపలు తిరుగుతూంటే, వచ్చినవాళ్ళు కాఫీ చల్లారిపోతున్నా చూస్తూ కూర్చుంటారు. కాని ఓ మూల నీళ్ళలో మునిగి ఉండే పంపును మాత్రం ఎవరూ చూడరు. నిరుడు వేసవిదాకా నేనూ చూడలేదు.

ఓ రాత్రి కరెంటు పోయి అరగంటకి వచ్చింది. ఫాను తిరిగింది, తొట్టిలో దీపం వెలిగింది. అంతా బాగానే ఉందనుకుని పడుకున్నాం. తెల్లవారి చూస్తే, మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చుకున్న జంటలో ఒకటి అడుగున పడి ఉంది. రెండోది నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. "అమ్మా, నీళ్ళు కదలడం లేదే!" అన్నాడు వాడు. పంపు గుర్రుమంటోందిగాని తిరగడం లేదు.

ఎందుకిలా జరిగిందంటారా? పంపు లోపల ఒక చిన్న అయస్కాంతం, దానికి రెక్కలు ఉంటాయి. అవి తిరిగితేనే నీరు కదిలి, గాలి కలుస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో 400 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, అంటే మన సున్నం తాలూకు సరుకే. గీజరులో తెల్లగా గార కట్టినట్టే, వెచ్చబడే పంపులోనూ అది పేరుకుంటుంది. తిరుగుతున్నంతసేపూ పంపు ఎలాగో ఈడ్చుకొస్తుంది. ఒకసారి ఆగిందా, మళ్ళీ కదిలే బలం ఉండదు. పైగా మంచినీటికంటే ఉప్పునీటిలో ప్రాణవాయువు సుమారు ఐదోవంతు తక్కువగా కరుగుతుంది. నీరు వేడెక్కినకొద్దీ ఇంకా తగ్గుతుంది. మన వేసవి సంగతి చెప్పాలా!

అందుకని రెండు మూడు నెలలకోసారి పంపును శుభ్రం చేసుకోవాలి. పని పెద్దదేం కాదు.

అన్నిటికంటే ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆర్పితే చాలదు. ఉప్పునీటిలో కరెంటు ఇట్టే పారుతుంది. తర్వాత పంపును పైకి తీసి, ముందు మూత విప్పి, అయస్కాంతం ఉన్న రెక్కను మెల్లిగా లాగండి. మధ్యనుండే సన్నటి ఇరుసు చాలా పంపుల్లో పింగాణీది, వంచితే విరుగుతుంది. చివర్ల ఉండే చిన్న రబ్బరు ముక్కలు ఒక గిన్నెలో వేసుకోండి. ముక్కుపుడక శీలలా చేయి జారితే మళ్ళీ దొరకవు.

ఒక ప్లాస్టిక్ పళ్ళెంలో తెల్ల వెనిగరు, అంతే కొలత నీళ్ళు కలిపి విడిభాగాలు నానేయండి. సన్నగా బుడగలు వస్తాయి. పులుపుకి సున్నం కరుగుతోందన్నమాట. గంట, గార గట్టిగా ఉంటే మూడు నాలుగు గంటలు ఉంచి, పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. రెక్క కూర్చునే గుంటలోనూ తోమాలి. సబ్బు, గిన్నెలు తోమే పొడి దగ్గరకు రానీయకండి, ఆ శేషం చేపలకు విషం. చివరికి మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. అయస్కాంతం ఉబ్బినా, పగిలినా, తుప్పు కనిపించినా ఆ భాగం మార్చాల్సిందే.

మళ్ళీ బిగించి, నీళ్ళలో ముంచాకనే ప్లగ్గు పెట్టండి. పొడిగా తిప్పితే పంపు పాడవుతుంది. వైరు ప్లగ్గుకంటే కిందకి వేలాడి పైకి వెళ్ళేట్టు ఉంచితే, జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది. వైరు ఎక్కడైనా చిట్లితే ఆ పంపు వాడొద్దు. కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే ఆర్.సి.సి.బి.ని ఎలక్ట్రీషియనుచేత పెట్టించుకోవడం ఇంటికే క్షేమం.

ఇంకొక్క మాట. కరెంటు పోయినప్పుడు తొట్టిలోని నీటినే చెంబుతో తీసి, కాస్త ఎత్తునుంచి మళ్ళీ అందులోనే పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. కరెంటు వచ్చాక మాత్రం దీపం చూసి సరిపెట్టుకోకండి. పంపు మూతి దగ్గర నీరు కదులుతోందో లేదో కళ్ళారా చూసి మరీ పడుకోండి.

మా రెండో చేప బతికింది. ఇప్పుడు మావాడు క్యాలెండరులో పాలలెక్క పక్కనే పంపు కడిగిన తేదీ రాస్తున్నాడు. మీరూ రాసుకోండి. మరి సెలవు.