మీట నొక్కిన మరుక్షణం

విద్యుద్దీపం మీట నొక్కగానే వెలుగుతుంది. కంప్యూటరు మీట నొక్కితే మాత్రం కొంతసేపు వేచి ఉండాలి. బల్ల మీది కంప్యూటరు విషయంలో ఈ నిరీక్షణను మనం అంతగా పట్టించుకోము. కాని నేడు కంప్యూటరు బల్లకే పరిమితమై లేదు. కారులో, లిఫ్టులో, బస్సు టికెట్టు ఇచ్చే యంత్రంలో, వైద్యశాలలోని పరికరాలలో అది ఒదిగిపోయింది. ఇలా మరొక యంత్రంలో అంతర్భాగమై, తనకు నియమించిన పని మాత్రమే చేసే కంప్యూటరును ఎంబెడెడ్ కంప్యూటరు అంటారు. ఇటువంటి చోట కొన్ని సెకన్ల ఆలస్యం ఒక్కొక్కసారి ప్రాణాల మీదికి తెస్తుంది.

అమెరికాలో ఇళ్ళ ముంగిట నిలిపిన కార్లను వెనుకకు నడిపేటప్పుడు, అద్దాలలో కనిపించని పసిపిల్లలు వాటి కింద పడి మరణించిన సంఘటనలు అనేకం. అలా మరణించిన ఒక రెండేళ్ళ బాలుని పేరుతోనే 2008లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దానిని అనుసరించి 2014లో ఒక నియమం వెలువడింది. 2018 మే నెల నుంచి అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారులోనూ వెనుక దృశ్యాన్ని చూపే ఏర్పాటు ఉండాలి. గేరును రివర్సులో వేసిన రెండు సెకన్లలోగా ఆ దృశ్యం తెర మీద కనిపించాలి. కారు ఎక్కిన వెంటనే రివర్సు గేరు వేసేవారే ఎక్కువ. కనుక తెర వెనుక ఉన్న కంప్యూటరు అప్పటికే నిద్ర లేచి పనికి సిద్ధం కావాలి.

ఈ మేల్కొనడాన్నే బూటింగ్ అంటారు. ఆ పేరు వెనుక చిన్న చమత్కారం ఉంది. తన బూటు పట్టీని తానే పట్టుకొని తనను తాను పైకి లేపుకోవడం అనే అసాధ్య కార్యం నుంచి ఆ మాట పుట్టింది. మెమరీలో ఏమీ లేని యంత్రం తన ప్రోగ్రాములను తానే తెచ్చుకొని నడపడం కూడా అటువంటి విడ్డూరమే కదా!

ఇటువంటి యంత్రాలను రూపొందించేవారు మొదట డెవలప్‌మెంట్ బోర్డు మీద ప్రయోగాలు చేస్తారు. 2013లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్ అటువంటిదే. అరచేతిలో ఇమిడే ఈ బోర్డులో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 మెగాబైట్ల మెమరీ ఉన్నాయి. దానికి విద్యుత్తు అందగానే ప్రాసెసరులో శాశ్వతంగా ముద్రించిన చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొంటుంది. అప్పటికి బయటి మెమరీ పని చేయడం లేదు. అందువల్ల అది 109 కిలోబైట్లకు మించని మరొక ప్రోగ్రామును మాత్రమే చిప్పులోని కొద్దిపాటి మెమరీలోకి తేగలదు. ఎస్.పి.ఎల్. అనే ఈ రెండవ ప్రోగ్రాము బయటి మెమరీని సిద్ధపరచి, యు-బూట్ అనే పెద్ద ప్రోగ్రామును పిలుస్తుంది. యు-బూట్ లినక్స్ కెర్నెల్‌ను తెస్తుంది. కెర్నెల్ పరికరాలన్నిటినీ గుర్తించి, ఫైళ్ళ వ్యవస్థను తెరచి, ఇనిట్ అనే మొదటి ప్రోగ్రామును నడుపుతుంది. అది తక్కిన సేవలన్నిటినీ ఒక్కొక్కటిగా లేపుతుంది. మనకు కావలసిన అసలు పని వీటన్నిటి తరువాత మొదలవుతుంది.

దీనిని వేగవంతం చేయాలనుకున్నవారు మొదట చేయవలసినది కొలవడం. ఎక్కడ కాలం పోతున్నదో తెలియకుండా కత్తిరింపులు మొదలుపెట్టడం నాడి చూడకుండా మందు ఇవ్వడం వంటిది. బోర్డు సీరియల్ పోర్టు ద్వారా పంపే ప్రతి పంక్తికీ సమయం జోడించి చూపే గ్రాబ్‌సీరియల్ అనే సాధనం ఉంది. ఏ సేవ ఎంత సమయం తీసుకున్నదో చెప్పే సిస్టమ్‌డి-ఎనలైజ్ ఉంది.

చిత్రమేమంటే, కొలతకు తోడ్పడే ఆ సందేశాలే కాలాన్ని మింగుతాయి. సీరియల్ పోర్టు సాధారణ వేగం సెకనుకు 1,15,200 బిట్లు. ఒక అక్షరానికి పది బిట్ల చొప్పున సెకనుకు 11,520 అక్షరాలు మాత్రమే వెళ్ళగలవు. కెర్నెల్ తన పనులను వివరిస్తూ మూడు వందల పంక్తులు, పంక్తికి అరవై అక్షరాల చొప్పున పంపిందనుకొందాం. మొత్తం 18,000 అక్షరాలు. వాటికే సుమారు ఒకటిన్నర సెకను! కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాలలో క్వయట్ అనే ఒక్క మాట చేర్చితే ఈ కాలం చాలావరకు మిగులుతుంది. పైగా ఆ సందేశాలు ఎక్కడికీ పోవు. మెమరీలో దాగి ఉండి, తరువాత అడిగినప్పుడు కనిపిస్తాయి.

కొలిచిన తరువాత ఏ చివర నుంచి మొదలుపెట్టాలి? మొదటి మెట్టు నుంచే అని తోచడం సహజం. అనుభవజ్ఞులు మాత్రం చివరి మెట్టు నుంచి వెనుకకు రమ్మంటారు. ఇది సబబైన మాట. పై మెట్లను సరిదిద్దేటప్పుడు పొరపాటు జరిగితే, యు-బూట్ వద్ద ఆగి బోర్డును చక్కదిద్దుకోవచ్చు. ఆ ఆధారాన్ని ముందే తీసివేస్తే నిచ్చెన ఎక్కి, దానిని తన్నివేసినట్లవుతుంది.

చివరి మెట్టులో ఎక్కువ కాలం నిరీక్షణలోనే పోతుంది. నెట్‌వర్క్ చిరునామా అందేవరకు అన్ని సేవలూ చేతులు కట్టుకొని నిలబడే సందర్భాలున్నాయి. వెనుక దృశ్యం చూపడానికి నెట్‌వర్క్‌తో పని ఏమిటి? ఇంటికి వచ్చిన అతిథికి ముందు మంచినీళ్ళు ఇస్తాం. వంట తరువాత చూసుకొంటాం. అలాగే ముఖ్యమైన పనిని ముందుకు జరిపి, తక్కినవాటిని ఆ తరువాత లేపాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులను ఏకకాలంలో నడపాలి. ఎసరు మరిగేలోగా కూర తరిగే గృహిణికి ఈ సూత్రం ఎవరూ బోధించనక్కరలేదు.

కెర్నెల్ విషయంలో, బోర్డుకు లేని పరికరాల డ్రైవర్లను తొలగించాలి. వెంటనే అవసరం లేనివాటిని వేరే ఫైళ్ళుగా ఉంచి, తరువాత తెచ్చుకోవాలి. కెర్నెల్‌ను కుదించి భద్రపరచడంలోనూ ఆలోచన అవసరం. జిజిప్ పద్ధతిలో ఫైలు బాగా చిన్నదవుతుంది. విప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఎల్.జెడ్.ఓ. పద్ధతిలో ఫైలు కొంత పెద్దదైనా త్వరగా విప్పుకొంటుంది. ఏది మేలన్నది నిల్వ చిప్పు వేగాన్నీ, ప్రాసెసరు వేగాన్నీ బట్టి ఉంటుంది. రెండింటినీ ఆ బోర్డు మీదనే పరీక్షించి తేల్చుకోవాలి.

2008 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జరిగిన లినక్స్ ప్లంబర్స్ సదస్సులో, ఇంటెల్ ఇంజనీర్లు ఆర్యన్ వాన్ డె వెన్, ఔకె కాక్ ఒక చిన్న లాప్‌టాప్‌ను ఐదు సెకన్లలో మేల్కొలిపి చూపారు. అది ఎంబెడెడ్ బోర్డు కాకపోయినా వారి పద్ధతి ఈ రంగానికీ వర్తిస్తుంది. ఉన్నదానిని కొంత తగ్గిద్దామని వారు అనుకోలేదు. కెర్నెల్‌కు ఒక సెకను, తొలి సేవలకు ఒకటి, తెర మీది చిత్ర వ్యవస్థకు ఒకటి, డెస్క్‌టాప్‌కు రెండు అని ముందే పద్దు రాసుకొన్నారు. సంసారి జీతం రాగానే ఖర్చులను విభజించుకొన్నట్లు, ప్రతి విభాగాన్నీ దానికి కేటాయించిన కాలంలోనే సరిపెట్టుకోమన్నారు.

కాని పొదుపు పేరుతో మందుల ఖర్చు మానుకోము కదా. ఫైళ్ళ పరీక్షలు, ప్రోగ్రాము నకిలీది కాదని నిర్ధారించే సంతకం తనిఖీ సమయం తీసుకొంటాయి. వాటిని తొలగించిన బోర్డు అర సెకను ముందుగా లేవవచ్చు. విద్యుత్తు హఠాత్తుగా పోయిన మరునాడు అసలే లేవకపోవచ్చు. ఫైళ్ళను చదవడానికి మాత్రమే వీలయ్యే పద్ధతిలో ఉంచితే పరీక్షల అవసరమే తగ్గుతుంది. ఇది తొలగింపు కంటే మెరుగైన ఉపాయం.

ఇక మిగిలింది యు-బూట్. మనం ఏదైనా మీట నొక్కుతామేమోనని అది సాధారణంగా రెండు సెకన్లు ఆగుతుంది. ఈ గడువును సున్నా చేయవచ్చు. అప్పటికీ మీట నొక్కి ఆపే అవకాశం ఉంటుంది. ఋణ సంఖ్య రెండు ఇస్తే ఆ అవకాశం కూడా పోతుంది. ఫాల్కన్ పద్ధతిలో ఎస్.పి.ఎల్. యు-బూట్‌ను పూర్తిగా దాటవేసి కెర్నెల్‌నే నేరుగా తెస్తుంది. ఈ మార్పులలో పొరపాటు జరిగి బీగల్‌బోన్ బ్లాక్ మొరాయిస్తే, ఎస్2 అనే చిన్న మీటను నొక్కి పట్టి విద్యుత్తు ఇవ్వాలి. అప్పుడు అది పాడైన నిల్వ చిప్పును వదలి, మైక్రో ఎస్.డి. కార్డు నుంచి మేల్కొంటుంది. ఆ మీట ఎక్కడున్నదో చూసుకొని, సరైన కార్డు ఒకటి దగ్గర పెట్టుకొన్న తరువాతనే యు-బూట్ జోలికి వెళ్ళాలి.