నగర పాలక సంస్థలో గ్రాంటు ప్రతిపాదన రచన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పట్టణ స్థానిక సంస్థలు గ్రాంట్ల మీద ఎందుకు ఆధారపడతాయో వివరించగలరు.
- గ్రాంట్లలోని రకాలను, వాటికుండే షరతులను గుర్తించగలరు.
- ఒక ప్రతిపాదనలో ఉండవలసిన అంశాలను అంకెలతో సహా సిద్ధం చేయగలరు.
- మంజూరు తరువాత మిగిలే బాధ్యతలను చెప్పగలరు.

1. ఉపోద్ఘాతం

మీ ఊళ్లో కొత్తగా ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారనుకోండి. దాని దగ్గర శిలాఫలకం మీద మంత్రి పేరు, చైర్‌పర్సన్ పేరు కనిపిస్తాయి. ఆ ట్యాంకుకు డబ్బు కావాలని మొదటి కాగితం రాసిన వారి పేరు ఎక్కడా కనిపించదు. అయినా ఏ వీధికి గొట్టం పడుతుంది, ఏ వీధికి పడదు అనే విషయాన్ని చాలావరకు ఆ కాగితమే నిర్ణయిస్తుంది.

ఈ పనిని చాలామంది విద్యార్థులు మంచి భాషలో అర్జీ రాయడంగా భావిస్తారు. భాష అవసరమే. కానీ ప్రతిపాదన నిలబడేది క్షేత్రంలో సరిచూసిన అంకెల మీద. ప్రతిపాదన అంటే ప్రజాధనం తీసుకుంటూ నగరం చేసే రాతపూర్వక వాగ్దానం. ఈ భాగమంతా ఈ ఒక్క మాటకు వివరణ.

2. గ్రాంటు అవసరం ఎందుకు కలుగుతుంది?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, మురికివాడల అభివృద్ధి వంటివి అందులోనివే. 243-డబ్ల్యు అధికరణం ప్రకారం ఈ బాధ్యతలను రాష్ట్ర శాసనసభ పట్టణ సంస్థలకు అప్పగించవచ్చు. 243-ఎక్స్ ప్రకారం పన్నులు వేసే అధికారాన్ని కూడా శాసనసభే ఇవ్వాలి.

ఆచరణలో బాధ్యతలు పెరిగినంతగా ఆదాయ మార్గాలు పెరగలేదు. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల ఫీజులు సొంత ఆదాయంలో ముఖ్యమైనవి. చిన్న పురపాలక సంఘాల్లో జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్య ఖర్చులు పోగా కొత్త పనులకు మిగిలేది తక్కువ. కొత్త ఫిల్టర్ బెడ్డో, మురుగునీటి శుద్ధి కేంద్రమో కట్టాలంటే పై ప్రభుత్వాల సహాయం కోరక తప్పదు.

3. గ్రాంట్లలో రకాలు

(అ) ఆర్థిక సంఘం గ్రాంట్లు: రాష్ట్ర ఆర్థిక సంఘం గురించి 243-వై, కేంద్ర ఆర్థిక సంఘం స్థానిక సంస్థల విషయమై చేయవలసిన సిఫార్సుల గురించి 280వ అధికరణం చెబుతాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ సంస్థలకు రూ. 1,21,055 కోట్లు సిఫార్సు చేసింది. ఈ డబ్బు సూత్రం ప్రకారం పంచేదే అయినా షరతులు లేకపోలేదు. లెక్కలను ఆన్‌లైన్‌లో ప్రజలకు అందుబాటులో ఉంచాలి. రాష్ట్రం ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి. ఆ తరువాత పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి తగ్గట్టు పెరగాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి పది లక్షలు దాటిన నగర సముదాయాలకు ఇచ్చే నిధిని తాగునీరు, పారిశుద్ధ్యం, గాలి నాణ్యతలో సాధించిన ఫలితాలతో ముడిపెట్టారు.

(ఆ) పథకాల గ్రాంట్లు: అమృత్, స్వచ్ఛ భారత్ వంటి పథకాల కింద వచ్చేవి. వీటికి ప్రణాళికలు, ప్రాజెక్టు నివేదికలు సమర్పించాలి. నగరమో రాష్ట్రమో తమ వాటా భరించాలి.

(ఇ) పోటీ గ్రాంట్లు: నగరాలు ఒకదానితో ఒకటి పోటీ పడి గెలుచుకునేవి. 2015 జూన్ 25న ప్రారంభమైన స్మార్ట్ సిటీస్ మిషన్ ఇందుకు ఉదాహరణ.

4. ప్రతిపాదన రాసేదెవరు?

అమెరికా నగరాల్లో గ్రాంట్ రైటర్ అనే ఉద్యోగం ప్రత్యేకంగా ఉంటుంది. అక్కడ 1974 చట్టంతో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు వంటి ఫెడరల్ నిధుల కోసం దరఖాస్తులు తయారుచేయడం, గడువులు చూసుకోవడం, నివేదికలు పంపడం ఆ ఉద్యోగి పని.

మన పురపాలక సంఘాల్లో సాధారణంగా ఆ పేరుతో పోస్టు ఉండదు. పని మాత్రం ఉంటుంది. అది నలుగురి మధ్య పంచుకుని ఉంటుంది. అంచనాలు ఇంజనీరింగ్ విభాగం వేస్తుంది. ఆదాయ వ్యయాల లెక్కలు అకౌంట్స్ విభాగం ఇస్తుంది. ఇళ్ల సంఖ్య రెవెన్యూ విభాగం దగ్గర ఉంటుంది. సవివర ప్రాజెక్టు నివేదికను, అంటే డి.పి.ఆర్.ను, తరచుగా కన్సల్టెన్సీ సంస్థలు తయారుచేస్తాయి. కౌన్సిల్ తీర్మానం, కమిషనర్ సంతకం ఆ తరువాతి మెట్లు.

ఇందరి చేతుల మీదుగా నడిచే కాగితంలో ఒక పేజీలోని ఇళ్ల సంఖ్య మరో పేజీలోని సంఖ్యతో సరిపోకపోవడం సాధారణం. మొత్తం కాగితాన్ని ఒక్కరు మొదటి నుంచి చివరి దాకా చదివి, ప్రతి అంకెకు ఆధారం అడగాలి. మీరు రేపు ఏ హోదాలో చేరినా, ఆ ఒక్కరు మీరైతే ప్రతిపాదన రచయిత మీరే.

5. ప్రతిపాదన అంగాలు: ఒక ఉదాహరణ

1,20,000 జనాభా గల ఒక ఊహాత్మక పట్టణాన్ని తీసుకుందాం. సులువుగా ఉండడానికి నేటి జనాభాతోనే లెక్క వేద్దాం. నిజమైన డి.పి.ఆర్.లో సాధారణంగా 30 ఏళ్ల తరువాతి జనాభాను కూడా అంచనా కట్టాలి.

(అ) అవసరం: మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది జాతీయ ప్రమాణం. ఈ లెక్కన ఇళ్లకు చేరవలసిన నీరు రోజుకు 162 లక్షల లీటర్లు.

(ఆ) ప్రస్తుత స్థితి: ఫిల్టర్ బెడ్ నుంచి రోజుకు 120 లక్షల లీటర్లు వదులుతున్నారు. దారిలో 35 శాతం పోతోంది. ఇళ్లకు చేరేది 78 లక్షల లీటర్లు, అంటే మనిషికి 65 లీటర్లు. 'నీటి ఎద్దడి తీవ్రంగా ఉంది' అని పేజీలకు పేజీలు రాయడం కంటే 135, 65 అనే రెండు అంకెలు పక్కపక్కన పెట్టడం బలమైన వాదన.

(ఇ) పరిష్కారం: నష్టం 35 శాతం దగ్గరే ఉంటే, 162 లక్షల లీటర్లు ఇళ్లకు చేరాలంటే సుమారు 249 లక్షల లీటర్లు వదలాలి. కొత్తగా కావలసింది 129 లక్షల లీటర్లు. నష్టాన్ని జాతీయ ప్రమాణమైన 20 శాతానికి తగ్గిస్తే 202.5 లక్షల లీటర్లు వదిలితే చాలు. కొత్తగా కావలసింది 82.5 లక్షల లీటర్లే. పాత గొట్టాలు మార్చడం, మీటర్లు పెట్టడం ప్రతిపాదనలో ఎందుకు ఉండాలో ఈ తేడాయే చెబుతుంది.

ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. మన ఊరి పరువు కోసం నష్టాన్ని 15 శాతంగా చూపిద్దామని ఎవరో ఒకరు అంటారు. అలా రాస్తే గొట్టాలు మార్చడానికి డబ్బు అడిగే హక్కు మనమే వదులుకున్నట్లు. రేపు ప్రగతి నివేదికలో నష్టం 25 శాతమని తేలితే, నిజానికి తగ్గినా పెరిగినట్లు కనిపిస్తుంది.

(ఈ) లబ్ధిదారులు: ఇళ్ల సంఖ్యను ఆస్తి పన్ను రిజిస్టరు నుంచి తీసుకోవడం తేలిక. అయితే పన్ను పరిధిలోకి రాని గుడిసెలు, అనుమతి లేని లేఅవుట్లలోని ఇళ్లు, ఊరి చివర కొత్తగా వెలసిన బస్తీలు ఆ రిజిస్టరులో ఉండకపోవచ్చు. రిజిస్టరులో లేని ఇల్లు అంచనాలో ఉండదు. అంచనాలో లేని ఇంటికి గొట్టం పడదు. గొట్టాల వ్యవస్థను 30 ఏళ్ల కోసం వేస్తారు కాబట్టి, ఇక్కడ జారిపోయిన బస్తీ ఒక తరం పాటు ట్యాంకరు కోసం బిందెలతో ఎదురుచూడవలసి రావచ్చు. అందుకే వార్డుల వారీ సంఖ్యలను వార్డు సిబ్బందితో, ఆశా కార్యకర్తలతో, వీధి కుళాయిల జాబితాతో పోల్చి చూడాలి. ఈ పనికి రెండు వారాలు పట్టినా దండగ కాదు.

(ఉ) నిధుల కూర్పు: పని విలువ రూ. 90 కోట్లనుకుందాం. 2021లో మొదలైన అమృత్ 2.0లో కేంద్ర వాటా జనాభాను బట్టి మారుతుంది. లక్ష లోపు పట్టణాలకు సగం, లక్ష నుంచి పది లక్షల వరకు మూడో వంతు, పది లక్షలు దాటితే నాలుగో వంతు. మన పట్టణానికి వచ్చేది రూ. 30 కోట్లు. మిగిలిన రూ. 60 కోట్లు రాష్ట్రం, పట్టణం ఎలా భరిస్తాయో ఆధారాలతో చూపాలి.

6. నిర్వహణ వ్యయం

గ్రాంటు ట్యాంకు కడుతుంది. మోటారు నడిపేది పట్టణం. కొత్త వ్యవస్థకు కరెంటు, రసాయనాలు, సిబ్బంది, మరమ్మతుల కింద ఏటా అదనంగా రూ. 3 కోట్లు అవుతుందనుకుందాం. కనెక్షన్లు 24,000. ఒక్కో కనెక్షన్‌కు ఏడాదికి రూ. 1,250, నెలకు సుమారు రూ. 104 పడుతుంది. అంత చార్జీ పెంచినా 60 శాతమే వసూలైతే రూ. 1.8 కోట్లు వస్తాయి. మిగిలిన రూ. 1.2 కోట్లు ఏటా ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రతిపాదన మంజూరు కావచ్చు. కానీ కొన్నేళ్లకే మోటార్లు ఆగుతాయి, ట్యాంకు మీద రంగు మాత్రం మిగులుతుంది. చార్జీ పెంపు గురించి కౌన్సిల్‌లో ముందే చర్చ జరగాలి. పేద కుటుంబాలకు రాయితీ ఇస్తే ఆ భారం ఏ పద్దు నుంచి భరిస్తారో కూడా రాయాలి.

7. పోటీలో నెగ్గడం: వరంగల్ అనుభవం

స్మార్ట్ సిటీస్ మిషన్‌లో ఒక్కో నగరానికి అయిదేళ్లలో రూ. 500 కోట్ల వరకు కేంద్ర సహాయం, అంతే మొత్తం రాష్ట్రం లేదా నగరం నుంచి ఉండాలన్నది నియమం. ప్రతిపాదనలకు మార్కులు వేశారు. పౌరుల అభిప్రాయాలు ఎలా సేకరించారన్నదానికీ అందులో మార్కులున్నాయి. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. వరంగల్ లేదు. తొలి విడతలో వెనుకబడిన నగరాలకు ప్రతిపాదనలు మెరుగుపరచుకుని మళ్లీ పోటీ పడే అవకాశం ఇచ్చారు. ఆ విడతలో అదే ఏడాది మే నెలలో ఎంపికైన 13 నగరాల్లో వరంగల్ చోటు సంపాదించింది.

దీని నుంచి మీరు గ్రహించవలసింది: తిరస్కరణతో పని ముగియదు. ఏ అంశంలో మార్కులు తగ్గాయో చూసి ఆ భాగాన్నే బలపరచాలి. ఇక్కడ మరొక ప్రశ్న కూడా ఆలోచించదగినది. సిబ్బంది, కన్సల్టెంట్లు ఉన్న నగరం మంచి ప్రతిపాదన రాయగలదు. అవసరం ఎక్కువగా ఉన్న చిన్న పట్టణానికి ఆ సామర్థ్యం లేకపోవచ్చు. అవసరాన్ని కాక రాత నైపుణ్యాన్ని కొలిచే ప్రమాదం పోటీ గ్రాంట్లలో ఎప్పుడూ ఉంటుంది.

8. మంజూరు తరువాత

అమృత్ 2.0లో కేంద్ర వాటా మూడు విడతలుగా, 20, 40, 40 శాతం చొప్పున వస్తుంది. ముందు విడత ఎలా ఖర్చయిందో చూపితేనే తరువాతి విడత అందుతుంది. దీనికి ఆధారం వినియోగ ధ్రువపత్రం. ఆఫీసుల్లో దీన్ని యు.సి. అంటారు. డబ్బు బ్యాంకులో ఉంటే వినియోగమైనట్లు కాదు, మంజూరైన పనికే ఖర్చు కావాలి. తాగునీటికి వచ్చిన గ్రాంటును జీతాలకు మళ్లిస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు.

ప్రతిపాదనలో 'ఏడాదిలో 5,000 కొత్త కనెక్షన్లు' అని రాసి ఉంటే, ప్రతి త్రైమాసికంలో అదే అంకెను అడుగుతారు. కాబట్టి రాసేటప్పుడే ఆ అంకెను ఎవరు, ఏ రిజిస్టరులో, ఎప్పుడు నమోదు చేస్తారో నిర్ణయించుకోండి. కొలవలేని వాగ్దానం చేయకండి.

9. సారాంశం

పట్టణ సంస్థల బాధ్యతలకు, సొంత ఆదాయానికి మధ్య ఉన్న దూరం వల్ల గ్రాంట్లు అవసరమవుతాయి. సూత్రం ప్రకారం వచ్చినా, పథకం ద్వారా వచ్చినా, పోటీలో గెలిచినా ప్రతి గ్రాంటుకూ షరతులుంటాయి. మంచి ప్రతిపాదన అవసరాన్ని, ప్రస్తుత స్థితిని, పరిష్కారాన్ని, లబ్ధిదారులను, నిధుల కూర్పును, నిర్వహణ వ్యయాన్ని సరిచూసిన అంకెలతో చూపుతుంది. లెక్కలోకి రాని ఇంటికి నీళ్లు రావన్న సంగతి రాసేవారు మరువరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో నీటి నష్టం 25 శాతానికి తగ్గితే కొత్తగా ఎంత నీరు కావాలి?
2. పోటీ గ్రాంట్ల వల్ల చిన్న పట్టణాలకు కలిగే ఇబ్బందిని చర్చించండి.
3. మీ పట్టణంలో లేదా దగ్గరి పట్టణంలో నీటి సరఫరాలో చేరని ఒక వీధిని ఎంచుకోండి. అక్కడి ఇళ్లను స్వయంగా లెక్కించి, ఆ వీధి కోసం ఒక పేజీ ప్రతిపాదన రాయండి.